ఆసియా దేశాల మీడియా మీద పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను. పాశ్చాత్య సిద్ధాంతాలు మన సమాజాలకు పనికొస్తాయా?

పనికొస్తాయి. కాకపోతే వాటిని ముందు పెట్టుకుని ఊళ్లోకి వెళ్లొద్దు. నేను ఈ రంగంలో ఫీల్డ్‌వర్క్ చేసినదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: మన దగ్గర సగం పరిశోధనలు ప్రశ్నావళి తయారైన రోజే దారి తప్పుతున్నాయి.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త డేనియల్ లెర్నర్ 1958లో టర్కీ, ఈజిప్టు, ఇరాన్ లాంటి దేశాల సర్వేలు చూపించి ఒక వరస చెప్పాడు. జనం పట్నాలకు చేరతారు, చదువు వస్తుంది, చదువొచ్చాక మీడియా వాడకం పెరుగుతుంది, ఆ తర్వాత రాజకీయాల్లో పాలుపంచుకుంటారు అని. దాన్ని విమర్శిస్తూ బోలెడన్ని వ్యాసాలు వచ్చాయి. అయినా ఆ వరస మన సర్వే ఫారాల్లో ఇంకా బతికే ఉంది.

కదిరి వైపు ఒక ఊళ్లో చూశాను. సర్వే చేస్తున్న అమ్మాయి ఒక పెద్దావిడ ముందు కూర్చుంది. ఆవిడ అరుగు మీద విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది. సొంత ఫోన్ ఉందా అంటే "నాకు యాడిది? మా పిల్లోనిది" అంది. చదవగలరా అంటే లేదంది. ఫారంలో రెండింటికీ 'లేదు' అని పడితే సోషల్ మీడియా విభాగం మొత్తం వదిలేసి తర్వాతి పేజీకి వెళ్లాలి. అమ్మాయి పేజీ తిప్పేసింది.

అంతలో ఆవిడ పక్కనే ఉన్న ఫోన్ మోగింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని వాట్సాప్ తెరిచింది, కువైట్‌లో ఉన్న కూతురి వాయిస్ మెసేజ్ పెట్టింది. పక్కింటి ఇద్దరూ చేరారు, అందరూ విన్నారు. ఆవిడ జవాబు రికార్డు చేసి పంపింది. పేర్లు చదవలేరు కదా, ఎవరికి పంపాలో ఎలా తెలుస్తుందని అడిగాను. ఫొటోలు చూపించింది. పసుపు చీరలో ఉన్నది కూతురు. వెంకటేశ్వరస్వామి నిండుగా కనిపిస్తే పొదుపు సంఘం లీడరు, స్వామి పాదాలు మాత్రమే ఉంటే ఎరువుల అంగడాయన. ఫొటో మారిస్తే మనిషి దొరకడు, అందుకే మార్చొద్దని లీడరుకు గట్టిగా చెప్పి పెట్టిందట.

ఆ ఫారం లెక్క ప్రకారం ఈవిడ మీడియా వాడదు. రిపోర్టులో 'డిజిటల్‌కు దూరంగా ఉన్న మహిళలు' అనే శాతంలో చేరిపోతుంది, ఆ శాతం చూసి ఎవరో ఒక పథకం రాస్తారు. చదువు తర్వాతే మీడియా అనే నమ్మకం ఆ 'తర్వాతి పేజీకి వెళ్లండి' అన్న ఒక్క వాక్యంలో దాక్కుని ఉంది. మనకు సినిమా, రేడియో, టీవీ అన్నీ చదువు కోసం ఆగకుండానే ఊళ్లోకి వచ్చాయి. 1981 జనాభా లెక్కల నాటికి దేశంలో అక్షరాస్యత 44 శాతం కూడా లేదు. ఆ పదేళ్లలోనే టీవీ దేశమంతా పాకింది.

ఊళ్లో ఉండి చూసే పద్ధతి మనకు కొత్తేం కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఇస్రో, నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు టీవీ చూపించింది. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఊరంతా కలిసి చూసే సెట్లు అవి. ఆ ప్రయోగంలో సర్వేలు చేశారు, వాటితో పాటు మానవశాస్త్రవేత్తలను కొన్ని ఊళ్లలో మకాం కూడా పెట్టించారు. ఇప్పుడేమో గూగుల్ ఫారం లింకు కాలేజీ గ్రూపుల్లో పడేసి, వచ్చిన జవాబులకు 'గ్రామీణ యువత' అని పేరు పెట్టేస్తున్నారు. నాకు ఇది చాలా బాధ కలిగిస్తుంది.

ఇంకో మాట. 'ఆసియా' అని ఒకే గంపలో వేయకండి. మెసేజ్‌లు పంపుకోవడానికి జపాన్‌లో లైన్ అనే యాప్, కొరియాలో కాకావోటాక్, చైనాలో వీచాట్, మన దగ్గర వాట్సాప్. జపాన్‌లో 2011 మార్చి భూకంపంలో ఫోన్లు కలవక జనం అల్లాడిపోయిన తర్వాత, అదే ఏడాది జూన్‌లో లైన్ వచ్చింది. వీచాట్ ఉన్నది వేరే నియంత్రణ వ్యవస్థలో. వీటన్నిటినీ కలిపి 'ఆసియా విలువలు' అని ఒక అధ్యాయం రాస్తే అది కూడా లెర్నర్‌లా అన్ని దేశాలనూ ఒకే మూసలో పోయడమే. రెండు చోట్లు పోల్చండి చాలు, కానీ ఆ రెండు చోట్ల భాషలూ మీకు రావాలి, లేదా భాష వచ్చిన మనిషి మీ వ్యాసాల్లో మీతో సమానంగా రచయితగా పేరు వేసుకునేలా ఉండాలి.

మొదలు ఎక్కడంటారా, జహీరాబాద్ దగ్గర మాచనూరు వెళ్లండి. అక్కడ దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరులో మొదలైంది. ఏం అడగాలో వాళ్లనే అడిగి ప్రశ్నావళి రాసుకోండి. థీసిస్ ఇంగ్లిష్‌లో రాయక తప్పదేమో, కానీ జవాబులిచ్చిన వాళ్లకు తెలుగులో ఒక్క పేజీ కూడా తిరిగి చేరకపోవడం అన్యాయం. సినాప్సిస్ ఇచ్చేటప్పుడే ఆ ఖర్చు, ఆ టైమ్ అందులో రాసేయండి. గైడ్ ఆ భాగం కొట్టేస్తే మళ్లీ రాయండి.