క్యాంపుకు ముందు మన ఊరేది?

ప్రశ్న: టీచరు గారికి నమస్కారం. మాది కర్ణాటకలోని గంగావతి దగ్గర ఒక క్యాంపు, అంటే ఆంధ్ర నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊరు. తుంగభద్ర నీళ్ళు వచ్చిన కొత్తలో మా తాతగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నారు. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. "గుడివాడ పక్కన ఏదో ఊరు" అన్నమాట తప్ప నాన్నగారికి ఏమీ గుర్తు లేదు. తాలూకా ఆఫీసులో అడిగితే 1956కి ముందు మీ పేరు మీద ఏ కాగితమూ లేదన్నారు. మా పాప వంశవృక్షం గీస్తానని కూర్చుంది. తాతగారి తండ్రి పేరు దగ్గరే ఆగిపోయాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తాలూకా ఆఫీసు వాళ్ళు చెప్పింది నిజమే. మీ తాతగారు ఆ నేలమీద కాలు పెట్టకముందు ఆ ఊరి కాగితాల్లో ఆయన పేరు ఎందుకుంటుంది? మనవాళ్ళు చాలామంది ఇక్కడే పొరబడతారు. నేనూ పొరబడ్డాను. మాది సింధనూరు వైపు క్యాంపు. మా తాతయ్య 1955లో వచ్చారు. బడి నుంచి రిటైరయ్యాక నాలుగేళ్ళు రాయచూరు జిల్లాలోని ఆఫీసుల చుట్టూనే తిరిగాను. ఉర్దూలో ఉన్న పాత రెవెన్యూ కాగితాలు చదివించుకోవడానికి ఒక పెద్దాయన్ని వెతుక్కుని వెళ్ళాను. ఆ కాగితాల్లో వాడే ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుందని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ కాగితాల్లో మాకు భూమి అమ్మినవాళ్ళ పేర్లు దొరికాయి కానీ మావాళ్ళ జాడ ఒక్కటీ దొరకలేదు.

ఊరు విడిచి వెళ్ళినవాళ్ళ ఆనవాళ్ళు వాళ్ళు విడిచిన ఊళ్ళోనే ఉంటాయి. మనవాళ్ళు ఎందుకు కదిలారో ఆలోచిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి, బెజవాడ ఆనకట్ట 1855కి పూర్తయ్యాయి. వందేళ్ళు మాగాణి చేసిన డెల్టాలో భూమి ధర పెరిగింది, అన్నదమ్ముల పంపకాల్లో కమతం చిన్నదైపోయింది. ఇటు తుంగభద్ర ఆనకట్టకు హైదరాబాదు సంస్థానం, మద్రాసు ప్రభుత్వం కలిసి 1945లో పునాది వేశాయి. 1953లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఇక్కడి రైతులది జొన్న, పత్తి పండే నల్లరేగడి మెట్ట. వాళ్ళకు వరి అలవాటు లేదు, నేల చవక. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ కొన్ని ఎకరాలు వచ్చేవి. అంటే క్యాంపుకు వచ్చిన రైతు కుటుంబాల్లో ఎక్కువమంది బయల్దేరేముందు ఏదో ఒకటి అమ్మి ఉంటారు. అమ్మితే దస్తావేజు ఉంటుంది. మీరు వెతకాల్సింది ఆ దస్తావేజు కోసం.

అయితే దస్తావేజు దొరకాలంటే ఊరి పేరు తెలియాలి. దానికి ఆఫీసు కన్నా ముందు మీ ఇంటి అటక ఎక్కండి. మా ఇంట్లో వడ్లు పోసుకునే ఒక ఇత్తడి గుండిగ ఉండేది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం, ఎవరమూ పట్టించుకోలేదు. ఒక దీపావళికి చింతపండు పెట్టి తోముతుంటే అంచు కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు కనపడ్డాయి. నానమ్మ పుట్టింటి ఇంటిపేరు, ఆమె తండ్రి పేరు, ఊరు, 1938. పెళ్ళిలో సామాను పెట్టేటప్పుడు పేర్లు కొట్టించే అలవాటు మనవాళ్ళకు ఉందిగా! నాలుగేళ్ళు ఆఫీసుల్లో దొరకనిది వంటింట్లో దొరికింది. ఆ గుండిగను పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాను. నానమ్మ ఊరు తెలిశాక తాతయ్య ఊరు తెలుసుకోవడం కష్టం కాలేదు. ఆ రోజుల్లో సంబంధాలు చుట్టుపక్కల ఊళ్ళలోనే చేసుకునేవాళ్ళు.

మీ ఇంట్లో ఉన్న కంచు, ఇత్తడి సామాను మొత్తం ఒకసారి తిరగేసి చూడండి. చెంబు అడుగు, బిందె మెడ, కాగు చెవుల దగ్గర చూడండి. అరిగిపోయి ఉంటే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి, అక్షరాలు తేలతాయి. పాత శుభలేఖలు, పెళ్ళిళ్ళ చదివింపుల పుస్తకాలు ఉంటే పారేయకండి. ఎవరు ఎంత చదివించారో రాసేటప్పుడు పేరు పక్కన ఊరు కూడా రాసేవాళ్ళు. మీ నాన్నగారి పెళ్ళి చదివింపుల పుస్తకంలో గుడివాడ చుట్టుపక్కల ఊరి పేరు ఒకటి పదేపదే వస్తే, అది మీ ఊరు కావడానికి చాలా అవకాశం ఉంది.

ఊరు తెలిశాక, ఆ ఊరు 1950ల్లో ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసు కింద ఉండేదో కనుక్కోండి. ఇప్పుడున్న ఆఫీసే అప్పుడూ ఉండేదని అనుకోకండి. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే 1983కి ముందువి రావు. కాబట్టి స్వయంగా వెళ్ళాలి. రిజిస్ట్రేషన్ చట్టం 1908లోని 57వ సెక్షన్ ప్రకారం ఒకటో పుస్తకాన్నీ దాని ఇండెక్సులనూ రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కేది ఆ ఒకటో పుస్తకంలోనే. ఇండెక్సులు రెండు ఉంటాయి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్లతో, రెండోది ఆస్తితో ఉంటుంది. మీకు సర్వే నంబరు తెలియదు కాబట్టి ఒకటో ఇండెక్సు అడగండి. మీ తాతగారు వచ్చిన ఏడాదికి ముందు మూడేళ్ళు, తర్వాత రెండేళ్ళు చూడండి. తర్వాత ఎందుకంటే, ఇక్కడ రెండు పంటలు చేసి కుదురుకున్నాకే అక్కడి మిగతా భూమి అమ్మినవాళ్ళు ఎంతోమంది.

నేను వెళ్ళిన ఆఫీసులో మొదటి రెండుసార్లు పాత పుస్తకాలు చెదలు పట్టాయి, లేవు అన్నారు. మూడోసారి సెక్షన్ నంబరు రాసి దరఖాస్తు చేతికిచ్చాను. పుస్తకం బయటికి వచ్చింది. మీకూ అలాగే జరిగితే టెన్షన్ పడకండి, కోప్పడకండి, రాతపూర్వకంగా అడగండి.

నకలు చేతికి రాగానే అందరూ తండ్రి పేరు చూసి మడిచి పెట్టేస్తారు. నిజమైన నిధి హద్దుల్లో ఉంటుంది. మా తాతయ్య దస్తావేజులో తూర్పున వేరేవాళ్ళ మాగాణి, దక్షిణం డొంక, పడమర బోదె అని ఉండి, ఉత్తరాన "మా అన్నగారి భాగం" అని పేరుతో సహా ఉంది. తాతయ్యకు అన్న ఒకరున్నారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పంపకాల్లో వచ్చిన భూమి పక్కపక్కనే ఉంటుంది కాబట్టి హద్దుల్లో సోదరులు, పినతండ్రులు కనపడతారు. "పిత్రార్జితంగా సంక్రమించిన" అని ఉంటే ఇంకా వెనక్కి వెళ్ళవచ్చు. పారీఖత్తు, అంటే పంపకాల దస్తావేజు, రిజిస్టరు అయిందేమో అదే ఇండెక్సులో తాత తండ్రి పేరు మీద చూడండి. ఊరి ఆర్‌ఎస్‌ఆర్‌లో (రీ సెటిల్‌మెంట్ రిజిస్టరు) ఆ సర్వే నంబరుకు పట్టాదారు ఎవరో ఉంటుంది. మీది ఇనాము భూమి, అంటే పాలకులు దానంగా ఇచ్చిన భూమి అయితే మీ అదృష్టం. 1860ల నాటి ఇనాం రిజిస్టర్లలో ఇనాందారు ఎవరో, ఆ భూమి ఎవరి నుంచి వచ్చిందో రాశారు.

ఆ నకలు పట్టుకుని నేను ఊరికి వెళ్ళాను. ఉత్తరపు హద్దులో ఉన్న అన్నగారి మనవడు అదే చేలో ఊడ్పులు చేయిస్తున్నాడు. నన్ను చూసి "మీరు తుంగభద్ర వాళ్ళా అక్కా?" అన్నాడు. వాళ్ళింట్లో మా గురించి డెబ్భై ఏళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నారు.

ప్రశ్న: అమ్మా, మా తాత ఒక రైతు కుటుంబం వెంట పాలేరుగా సిరుగుప్ప వైపు వచ్చాడు. ఒంగోలు దగ్గర ఊరంటారు. మాకు అక్కడా భూమి లేదు, ఇక్కడా లేదు. మీరు ఎప్పుడూ దస్తావేజుల గురించే చెబుతారు. మాలాంటి వాళ్ళకు దారి లేదా?

జవాబు: మీ మాట నాకు గట్టిగా తగిలింది. క్యాంపుల కథ చెప్పేటప్పుడు కంపచెట్లు కొట్టి నేల చదును చేసిన రైతు గురించే చెప్పుకుంటాం. గొడ్డలి పట్టింది ఎవరి చేతులో చెప్పం. మా తాతయ్య వెంట రెండు కుటుంబాలు వచ్చాయి. వాళ్ళ ఇంటిపేర్లు మా ఇంట్లో ఎవరూ రాసి పెట్టలేదు. ఆ తప్పు నేను ఇప్పుడు దిద్దుకుంటున్నాను.

దారి ఉంది. మీ పెద్దవాళ్ళలో ఎవరైనా క్రైస్తవులా అని ముందు అడగండి. 1876-78 కరువు తర్వాత ఒంగోలు ప్రాంతంలో భూమిలేని వేలమంది బాప్టిస్టు మిషన్‌లో చేరారు. 1878 జూలైలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గుంటూరు వైపు లూథరన్ మిషన్ 1842 నుంచీ ఉంది. సంఘాల్లో బాప్తిస్మం, పెళ్ళి రిజిస్టర్లు రాసేవాళ్ళు. సెంటు భూమి లేనివాళ్ళ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పల్లె పేరు వాటిలో దొరుకుతాయి. తల్లి పేరు కూడా ఉంటుంది చూడండి, భూమి దస్తావేజుల్లో అది చాలా అరుదు. పాత సంఘం ఏదో తెలిస్తే అక్కడి పాస్టరు గారిని కలవండి. ఒక జాగ్రత్త: బాప్తిస్మం అప్పుడు పేరు మారి ఉండవచ్చు. మీ తాతను ఇంట్లో పిలిచే పేరు, రిజిస్టరులో పేరు వేరు కావచ్చు. అందుకే అన్నదమ్ముల పేర్లు, తల్లి పేరు కలిపి సరిచూడాలి.

క్రైస్తవులు కాకపోతే మీ తాతను తీసుకొచ్చిన రైతు ఇంటికి వెళ్ళండి. జీతగాడికి ఇచ్చిన అడ్వాన్సు, ఏడాదికి కొలిచిన గింజలు పద్దు పుస్తకంలో రాసుకునేవాళ్ళు. మొహమాటపడకండి, అది మీ తాత చరిత్ర కూడా. ఆ రైతు ఏ ఊరి నుంచి వచ్చాడో మీ తాత కూడా అదే ఊరి నుంచి, లేదా ఆ పక్క పల్లె నుంచే వచ్చి ఉంటాడు. ఆ ఊళ్ళో మీ పేట ఎక్కడో అడిగి, అక్కడి ముసలమ్మలతో కూర్చోండి. "తుంగభద్ర పోయినోళ్ళు" అనండి చాలు. మీ నాన్నగారు ఒక్క ఏడాది బడికి వెళ్ళినా దాఖలా రిజిస్టరులో పుట్టిన ఊరు ఉండే అవకాశం ఉంది. కాగితాల్లో ఒంగోలుకు రాసిన జిల్లా పేరు చూసి తికమకపడకండి. 1904 దాకా అది నెల్లూరు జిల్లా, తర్వాత గుంటూరు జిల్లా, 1970లో ప్రత్యేక జిల్లా అయింది.

ప్రశ్న: డీఎన్ఏ పరీక్ష చేయిస్తే మా పూర్వీకుల ఊరు తెలుస్తుందా?

జవాబు: తెలియదు. అప్పటికే అదే కంపెనీలో పరీక్ష చేయించుకున్న బంధువు ఎవరైనా ఉంటే సరిపోల్చి చూపిస్తుంది, అంతే. ఆ డబ్బుతో రెండుసార్లు ఊరికి వెళ్ళి రండి.

ప్రశ్న: మా ముత్తాత 1919 నాటి దస్తావేజు దొరికింది. అందులో "కృష్ణా జిల్లా, భీమవరం తాలూకా" అని ఉంది. భీమవరం గోదావరి జిల్లాల్లోది కదా? ఇది అసలు దస్తావేజేనా? మా బాబాయి నమ్మడం లేదు.

జవాబు: జిల్లా పేరు చూసి అనుమానించనక్కర్లేదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు భీమవరం, తణుకు, ఏలూరు వైపు తాలూకాలను గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణాలో కలిపారు. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో వచ్చింది. మధ్యలో ఆ ఇరవై ఏళ్ళ దస్తావేజుల్లో భీమవరం కృష్ణా జిల్లాలోనే ఉండాలి. 1919లో "పశ్చిమ గోదావరి" అని ఉంటేనే అనుమానించాలి.

బాబాయిగారికి చివరి పేజీ కూడా చూపించండి. సాక్షులు, దస్తూరి (దస్తావేజు రాసినవాడు) పేర్ల పక్కన ఊళ్ళు ఉంటాయి. సాక్షుల్లో ఒకరు తరచుగా బావమరిదో మేనమామో అయి ఉంటారు. సాక్షి ఇంటిపేరు మీది కాకపోతే మీ ముత్తాత భార్య పుట్టింటి ఇంటిపేరు అదేనేమో బాబాయిగారినే అడగండి. నాకు మళ్ళీ ఉత్తరం రాసేటప్పుడు ఆ పేజీ జిరాక్సు కూడా పెట్టండి.