డే కేర్‌లో పాప చేయి విరిగింది: కేసు నిలిచేది ఆ ఐదు గంటల మీద

ప్రశ్న: మాది నల్గొండ. నేను ప్రైవేటు బడిలో టీచరును, మా వారు మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తా. రెండున్నరేళ్ల పాపను నెలకు 4 వేల రూపాయల ఫీజుతో ఒక డే కేర్ సెంటర్‌లో దించి బడికి వెళ్లేదాన్ని. 2024 సెప్టెంబరు 18న పాప అక్కడ మెట్ల మీది నుంచి పడింది. మధ్యాహ్నం 12.40కి ‘పాప చిన్నగా పడింది, ఇప్పుడు ఆడుకుంటోంది’ అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. సాయంత్రం ఐదున్నరకు నేను వెళ్లేసరికి మోచేయి వాచి ఉంది. ఎముక విరిగితే ఆపరేషన్ చేసి పిన్నులు వేశారు. ఇప్పటికీ చేయి పూర్తిగా చాచలేదు. సొంత మనుషుల్లా నమ్మితే ‘పిల్లలన్నాక పడరా’ అంటున్నారు. ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదని రాసి ఉన్న ఫారంలో నేను సంతకం చేశాను. ఆయా కొట్టిందని పోలీసు ఫిర్యాదు ఇస్తే కేసు బలపడుతుందని ఒక బంధువు చెబుతున్నారు. మరో బిడ్డకు ఇలా జరగకుండా ఆ సెంటర్‌ను దారికి తెచ్చే మార్గం ఉందా?

జవాబు: ముందు గడువు సంగతి చూసుకోండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేయడానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా దాఖలు చేయాలి. మీకు ఆ రెండేళ్లు 2026 సెప్టెంబరు 17తో నిండుతాయి. మీ ఉత్తరం నాకు ఆగస్టు రెండో వారంలో చేరింది. ఆలస్యాన్ని మన్నించమని ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్‌ను కోరే వీలు చట్టంలో ఉన్నప్పటికీ, తగిన కారణం చూపితేనే మన్నిస్తారు. ఇన్నాళ్లూ సెంటర్ వాళ్లు ఏదో ఒకటి ఇస్తారని ఎదురుచూశానంటే అది కారణంగా నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను.

మీరు ఉత్తరమంతా పడటం గురించే రాశారు. ఈ కేసు పడటం మీద నిలవదు. ఇంట్లో తల్లి కళ్ల ముందు కూడా పిల్లలు పడతారని వాళ్లు సులభంగా వాదిస్తారు. నిలిచేది 12.40 నుంచి 5.30 దాకా గడిచిన సమయం మీద. మోచేయి పైభాగాన ఎముక విరిగిన పసిపిల్లల్లో వాపు పెరిగితే రక్తనాళాలు, నరాలు నలిగే ప్రమాదం ఉంటుంది కనుక, ప్రథమ చికిత్స నేర్చిన మనిషి అయితే చేతిని కదలకుండా ఆసరా కట్టి వెంటనే ఆసుపత్రికి పంపి ఉండేవారు. ‘చిన్నగా పడింది’ అని రాసి ఊరుకున్నారంటే ఆ గదిలో అంతమాత్రం తెలిసినవారు లేరని గానీ, తెలిసీ దాచారని గానీ అనుకోవాలి, రెండూ సేవాలోపమే. ఆ సమయంలో పాపకు ఏం చేశారో వాళ్లకే తెలుసు. ఒకరి ప్రత్యేక ఎరుకలో ఉన్న విషయాన్ని వారే రుజువు చేయాలని భారతీయ సాక్ష్య అధినియం 109వ సెక్షన్ చెబుతుంది. కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పాటించకపోయినా ఈ న్యాయసూత్రాన్ని దాని ముందు చెప్పుకోవచ్చు.

మెసేజ్ చూసీ ఎందుకు వెళ్లలేదని అవతలి న్యాయవాది మిమ్మల్ని తప్పక అడుగుతారు. ‘ఇప్పుడు ఆడుకుంటోంది’ అన్న వాళ్ల మాటే మీ జవాబు. ఇంత విలువైన మెసేజ్ ఉన్న ఫోనును మీరు తమ్ముడికి ఇచ్చేశానని ఉత్తరం చివర మామూలు సంగతిలా రాశారు. తెరను ఫొటో తీసుకున్నంత మాత్రాన సరిపోదు. ఎలక్ట్రానిక్ ఆధారానికి అదే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, ఆ ఫోను మీ చేతిలో ఉంటే ఆ పని తేలిక. సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచమని ఆ వారంలోనే రాతపూర్వకంగా అడగవలసింది. చాలా యంత్రాలు కొద్ది వారాల్లో పాత దృశ్యాలను చెరిపేసి కొత్తవి రాసుకుంటాయి. ఇరవై మూడు నెలలు గడిచాక వాటి మీద ఆశ వదులుకోండి. ఫీజు సగం నెలలు నగదుగా ఇచ్చి రసీదు తీసుకోకపోవడం మరో అజాగ్రత్త. అదృష్టవశాత్తు మిగిలిన నెలలకు ఫోన్‌పేలో పంపారు కాబట్టి, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. డబ్బు చెల్లించి పొందిన సేవ అని చూపకపోతే మీరు వినియోగదారు కారు.

బంధువు ఇచ్చిన సలహా పాటిస్తే ఉన్న కేసు కూడా పోతుంది. ఆసుపత్రి కేసు షీటులో ‘మెట్ల మీది నుంచి పడింది’ అని మీరు చెప్పిన మాటే రాసి ఉంటుంది. దానికి విరుద్ధంగా ఆయా కొట్టిందని ఠాణాలో రాసిస్తే, మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే మీరు అబద్ధాలకోరుగా మిగులుతారు. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద మీ మీదే చర్య రావచ్చు. నెలకు ఎనిమిది వేలకో తొమ్మిది వేలకో పనిచేసే ఆ ఆయాను జైలుకు పంపితే మెట్లకు గేటు రాదు. జరిగింది జరిగినట్టు రాసి పోలీసులకు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. ఎముక విరగడం తీవ్ర గాయమే అవుతుంది, నిర్లక్ష్యం వల్ల అది కలిగితే అదే సంహితలోని 125(బి) సెక్షన్ వర్తిస్తుంది. దానికి మూడేళ్ల గడువు ఉంది కనుక ముందు కమిషన్ పని ముగించండి.

ఫారంలోని వాక్యం చూసి బెదరకండి. అలాంటి ఏకపక్ష షరతు సొంత నిర్లక్ష్యానికి గొడుగు పట్టదని కమిషన్ ముందు గట్టిగా వాదించవచ్చు. అదే ఫారంతో వాళ్లిచ్చిన రంగుల కరపత్రం మీ దగ్గర ఉందన్నారు, అందులో ‘శిక్షణ పొందిన సిబ్బంది’ అని ఉందన్నారు. నాకు ఆ కరపత్రం ఫారం కంటే ముఖ్యం. శిక్షణ లేకుండా ఆ మాట అచ్చు వేసి ఉంటే అది తప్పుదోవ పట్టించే ప్రకటన.

మీరు అడిగిన మార్పుకు దారి కూడా ఇక్కడే ఉంది. నల్గొండ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. చెల్లించిన ఫీజు 5 లక్షలు దాటలేదు కాబట్టి కోర్టు ఫీజు ఉండదు. ఆసుపత్రి ఖర్చు, పరిహారం అడగడంతో ఆగకుండా వినియోగదారుల రక్షణ చట్టం 39వ సెక్షన్ కింద లోపాలను సరిచేయమనే ఆదేశం కూడా కోరండి: మెట్లకు గేటు, పిల్లల సంఖ్యకు తగినంతమంది ఆయాలు, ప్రథమ చికిత్స శిక్షణ, ఏ దెబ్బ తగిలినా తల్లిదండ్రులకు వెంటనే ఫోను చేసి రిజిస్టరులో రాసే పద్ధతి. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రాల కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో కనీస మార్గదర్శకాలు జారీ చేసింది. అవి మీ వీధి సెంటర్‌కు నేరుగా వర్తించవని వాళ్లు అంటారు, అది నిజమే. అయినా కొలబద్దగా చూపవచ్చు. జిల్లా సంక్షేమ అధికారికీ, ట్రేడ్ లైసెన్సు వివరం కోసం మున్సిపల్ ఆఫీసుకూ అర్జీలు ఇవ్వండి కానీ వాటి జవాబుల కోసం ఫిర్యాదును ఆపవద్దు.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే, మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది కనుక జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వండి. ఎముకల డాక్టరు దగ్గరకు పాపను మళ్లీ తీసుకువెళ్లి, చేయి ఎన్ని డిగ్రీలు చాపగలుగుతోందో కొలిచి, ఆలస్యం వల్ల ఏం జరిగి ఉండవచ్చో రాసివ్వమని అడగండి. తమ్ముడి దగ్గర నుంచి ఫోను ఈ రోజే తెప్పించుకోండి. అందులో ఏదీ చెరపవద్దు, రిపేరుకు ఇవ్వవద్దు.