ఎంఎస్‌కు ఎస్‌ఎస్ అతికే సంగతి రాసేటప్పుడు

హన్మకొండ

తమ్మీ,

ఎంఎస్‌కు (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) ఎస్‌ఎస్‌ను (స్టెయిన్‌లెస్ స్టీల్) వైర్ వెల్డింగ్ మిషన్‌తో అతికే సంగతి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివిన. ఆటోనగర్ షాపుల్లో, రైస్ మిల్లుల్లో పనిచేసే పిల్లల కోసం ఈ సంగతి తెలుగులో రాయాలని నీకు తోచినందుకు మస్తు సంతోషమైంది.

మిషన్‌లో వోల్టేజీ ఇంత, వైర్ స్పీడ్ (కరిగి అతుకులో పడే వైరు బయటికొచ్చే వేగం) ఇంత అని పట్టిక వేసినవు. రేకు మందం, వైర్ సైజు, అతుకుకు గాలి తగలకుండ వదిలే గ్యాస్ చెప్పకపోతే ఆ అంకెలు ఎవరికీ అక్కరకు రావు. వైర్ స్పీడ్ పెంచితే ఆంపియర్లు పెరుగుతయి, వోల్టేజీ పెంచితే ఆర్క్ (వైరు కొసకు, రేకుకు నడుమ లేచే కరెంటు మంట) పొడుగై బీడ్ (కరిగి గడ్డకట్టిన అతుకు గీత) వెడల్పుగ పరుచుకుంటది. ముందు అది చెప్పు. పట్టికలో లేని రేకు వచ్చినా చదివినోడు తానే సరిచేసుకుంటడు.

ఈ అతుకుకు 309ఎల్ రకం స్టెయిన్‌లెస్ వైరే ఎందుకో ఒక్క ముక్కలో దాటేసినవు. వ్యాసానికి ప్రాణం అక్కడున్నది. 304 రకం ఎస్‌ఎస్‌లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దగ్గర ఉంటయి. ఎంఎస్‌లో ఆ రెండూ లేనట్టే. ఆర్క్ కింద ఎంఎస్ కరిగి కలిసినకొద్దీ అతుకులో అవి పలచబడతయి. 308ఎల్ అనే ఇంకో రకం వైరు వాడితే ఆ పలచబడ్డ అతుకు గట్టిపడి, పెళుసుబారి పగలొచ్చు. 309ఎల్‌లో క్రోమియం 24, నికెల్ 13 శాతం దాకా ఉంటయి. నీళ్లు కలుస్తయని తెలిసినప్పుడు పెరుగు చిక్కగ ఉండాలె కద, అట్లనే. ఎస్‌ఎస్ వేడికి ఎంఎస్ కంటే ఒకటిన్నర రెట్లు సాగుతది కాబట్టి, వేడి తగ్గించి టార్చ్ (వైరు బయటికొచ్చే చేతి పిడి) ఊపకుండ సన్న బీడ్లు వేయాలని కూడ రాయి.

నా మొదటి వ్యాసంలో నేను గ్యాస్ సంగతి రాయలే. మిషన్‌ను అందరం సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) మిషన్ అనే అంటం. అది చదివిన ఒక పిల్లగాడు మిల్లు హాపర్‌కు (గింజలు పోసే తొట్టికి) ఎస్‌ఎస్ రేకును ఉత్త సీఓటూతోనే అతికిండు. వానకాలం పోయేసరికి అతుకు పొడుగూతా తుప్పు. సీఓటూలోని కార్బన్ అతుకులోకి పోయి క్రోమియంను పట్టేసుకుంటది, తుప్పును ఆపేదే ఆ క్రోమియం. ఆర్గాన్‌లో 2 శాతం సీఓటూ కలిపిన గ్యాస్ వాడాలని నేను ఒక్క ముక్క రాసి ఉంటే ఆ పిల్లగాని కూలి దక్కేది. ఇప్పటికీ ఆ హాపర్ నా కండ్ల ముందే ఉంటది.

‘లోహ సంయోజనం’ అన్న మాట తీసెయ్. ‘అతుకు’ అను, ‘జాయింట్’ అను. మళ్లీ రాసినంక ఏదన్న షాపుకు పోయి వెల్డర్‌కు చదివి వినిపించు. ఆయన ఎక్కడ ఆపి అడిగితే అక్కడ గీత పెట్టుకో. పోయినప్పుడు నల్లద్దం లేకుండ ఆర్క్ దిక్కు చూడకు.

నీ అన్న