కూర్చున్నవాళ్ళ కథ

అమ్మా,

నీ కథ చేరింది. రెండుసార్లు చదివాను. రాయడం వచ్చు నీకు, ఆ దిగులు అక్కర్లేదు. నాకు ఇబ్బందనిపించింది ఒక్కటే: కథలో టీచరమ్మ మరీ మంచిది. చెప్పులు లేని పిల్లాడికి చెప్పులు కొనిస్తుంది, ఒకరోజు పిల్లల వరసలో కూర్చుని మధ్యాహ్న భోజనం తింటుంది, చివర్లో కళ్ళు తుడుచుకుంటుంది. మన సర్కారు బడుల్లో ఆ భోజనం 2003లో మొదలైంది. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా నేను స్టాఫ్‌రూంలో నా టిఫిన్ బాక్సే తిన్నాను. మిగతా రోజుల్లో మీ టీచరమ్మ ఎక్కడ తింటుందో నువ్వు రాయలేదు.

నన్ను ఆపింది మూడో పేజీ. స్కాలర్‌షిప్ ఫారాల కోసం హెడ్మాస్టరు క్లాసుకొచ్చి "ఎస్సీలు లేవండి, లెక్కపెట్టాలి" అంటాడు. పిల్లాడు తల దించుకుని లేస్తాడు. బాగానే ఉంది కానీ, అక్కడ ఇంకా ముప్ఫై మంది కూర్చునే ఉన్నారు కదా? వాళ్ళు నీకు కనబడలేదు.

నేను ఆ కూర్చున్నవాళ్ళలో ఒకణ్ణి. మా చిన్నప్పుడూ అలాగే లేపేవారు. మొన్న మా టెన్త్ బ్యాచ్ కలిసినప్పుడు ఒక మిత్రుడు తను ఆ రోజు ఏ గోడ పక్కన నిలబడ్డాడో, కిటికీలోంచి ఏం కనబడిందో చెప్పాడు. నాకు ఆ గదే గుర్తు లేదు. పెన్సిల్ చెక్కుకుంటూ ఉండి ఉంటాను.

హాజరు పట్టికలో కులం, మతం రాయొద్దని ఆంధ్రప్రదేశ్‌లో 2021లో ఆదేశాలిచ్చారు. మంచి పని. కానీ గడి కొట్టేస్తే టీచరుకు తెలియకుండా పోతుందా? నీ కథలో ఆ ఒక్క పేజీ దాటగానే వాడు మళ్ళీ 'పేద విద్యార్థి' అయిపోయాడు. పేదవాడైతే చెప్పులు కొనిచ్చి పని ముగించొచ్చు మరి!

నా సంగతి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో 'దసరా సెలవులు ఎలా గడిపాను' అని వ్యాసం రాయించాను. ఒక పిల్లాడు "అమ్మతోని పత్తి ఏరబోయిన" అని మొదలుపెట్టి పేజీ నిండా రాశాడు. ఎండిన కాయల మొనలు గీసుకుని వేళ్ళు ఎట్లా మండుతాయో, సాయంత్రం తూకం దగ్గర ఎవరు ఏం మాట్లాడారో, అన్నీ. నేను 'పోయిన' కొట్టేసి 'వెళ్ళాను' అని రాశాను. పదికి మూడు వేశాను. మా అమ్మ కూడా ఇంట్లో 'పోయిన' అనే అనేది. మా నాన్న పంతులు కాబట్టి బడిలో ఏమనాలో నాకు ఐదో ఏటే తెలిసింది, అంతే తేడా. అది నా తెలివి అనుకున్నాను చాలా ఏళ్ళు.

తర్వాత ఆ పిల్లాడు గైడు చూసి రాయడం నేర్చుకున్నాడు. తప్పులు లేవు, పత్తీ లేదు. నేను మెచ్చుకున్నాను కూడా.

దాన్ని కథగా మూడుసార్లు రాశాను. మొదటిసారి నేను దయగల సారుని. రెండోసారి పశ్చాత్తాపంతో కుమిలే సారుని. రెండూ ఒకటేనని తెలియడానికి టైం పట్టింది, రెండింట్లోనూ నన్ను చూసి జాలిపడమనే అడుగుతున్నాను. మూడోసారి ఏడుపులు తీసేసి, ఆ పేజీలో నేను పెట్టిన ఎర్ర గీతల్ని వరసగా, ఏ మాట కొట్టేసి ఏ మాట రాశానో అంతవరకే రాశాను. అదే అచ్చయింది.

నీ కథ తిప్పి పంపుతున్నాను. హెడ్మాస్టరు "లేవండి" అన్న చోట పెన్సిల్‌తో గీత పెట్టాను. మీ టీచరమ్మ తన చిన్నప్పుడు అలాంటి రోజున లేచిందా, కూర్చుందా? అప్పుడు చేతులతో ఏం చేస్తోంది? ఆ పేరా రాసి పంపు. చెప్పుల సంగతి తర్వాత చూద్దాం.