అమెరికాలోని పిట్స్‌బర్గ్ యూదు సమాజానికి భద్రత, ఆసరా ఎక్కడ దొరుకుతాయి?

తక్షణ ప్రమాదం ఎదురైతే మొదట 911కు ఫోన్ చేయాలి. మిగతా సంస్థలకు తెలియజేయడం ఆ తర్వాతి పని. నగరంలోని యూదు ఫెడరేషన్ భద్రతా విభాగం ప్రార్థనా మందిరాలకు శిక్షణ ఇస్తుంది, ద్వేషపూరిత సంఘటనలపై ఫిర్యాదులు స్వీకరిస్తుంది. ఈ శిక్షణను లాంఛనంగా భావించకూడదు. 2018 అక్టోబరు 27న ట్రీ ఆఫ్ లైఫ్ మందిరంలో ఒక సాయుధుడు 11 మందిని కాల్చి చంపినప్పుడు, యూదుల వారాంతపు విశ్రాంతి దినమైన సబ్బాతు రోజున సాధారణంగా ఫోన్ దగ్గర ఉంచుకోని రబ్బీ (యూదు మతగురువు) జెఫ్రీ మయర్స్, ఫెడరేషన్ భద్రతాధికారి అంతకుముందు ఇచ్చిన సలహాను పాటించినందువల్లనే లోపలి నుంచి 911కు సమాచారం అందించగలిగారు.

ప్రాణాలతో బయటపడినవారి మనోవేదన ఏళ్ల తరబడి వెంటాడుతుంది. 2019లో ఏర్పడిన 10.27 హీలింగ్ పార్ట్‌నర్‌షిప్ బాధిత కుటుంబాలతో పాటు ఆ ఘటనతో కలత చెందిన ఇరుగుపొరుగువారికి కూడా మానసిక సాయం అందిస్తూ వచ్చింది. అర్ధరాత్రి గుండె దిటవు చెదిరితే మానసిక సంక్షోభంలో సాయపడే 988 ఫోన్ నంబరు ఉంది.

కెమెరాలు, బలమైన తలుపులు అమర్చుకోవడానికి ఫెడరల్ ప్రభుత్వపు లాభాపేక్ష లేని సంస్థల భద్రతా గ్రాంటు ఉపకరిస్తుంది. ఇది అన్ని మతాల సంస్థలకూ వర్తిస్తుంది కనుక, పెన్ హిల్స్‌లోని శ్రీ వేంకటేశ్వరాలయం వంటి చోట్ల సేవచేసే తెలుగువారు కూడా తెలుసుకోదగినది.