స్టీఫెన్ కింగ్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి: మేనల్లుడికి ఒక ఉత్తరం

ఒరేయ్ అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. భయం కథలు రాసే అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ నవల 'ఇట్' కొన్నావు, రెండు వందల పేజీలు లాగావు, పక్కన పడేశావు. "అత్తా, ఇందులో దెయ్యం కన్నా ఊరి చరిత్రే ఎక్కువుంది, ముప్పై ఏళ్లుగా ఈయన్ని ఎలా చదువుతున్నావ్?" అని అడిగావు. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నా. రిటైరయ్యాక నాకు తీరికకేం కొదవ?

తప్పు నీది కాదు, కింగ్‌దీ కాదు. ఈత రానివాణ్ని తీసుకెళ్లి వరద గోదావరిలో దింపినట్టయింది నీ పని. 1986లో వచ్చిన ఆ నవల మొదటి ప్రచురణే 1,138 పేజీలు. ఏడుగురు పిల్లల చిన్నతనం ఒక పాయ, వాళ్లు పెద్దయ్యాక నడిచే కథ ఇంకో పాయ. రెండూ జడలా అల్లుకుంటూ పోతాయి. మధ్యలో డెర్రీ అనే ఊరి పాత ఘోరాలన్నీ వస్తాయి. గొప్ప నవలే, కాదనను. కానీ కింగ్ మీద ముందే నమ్మకం కుదిరినవాళ్లకి అది. కొత్తవాళ్లకి కాదు.

ఈయన దగ్గర దెయ్యం ఆలస్యంగా వస్తుందిరా. ముందు నిన్ను ఆ ఇంట్లో అద్దెకు దింపుతాడు. ఆ ఇంటాయనకి ఎంత అప్పుంది, పెళ్లాంతో ఏ మాట దగ్గర గొడవొస్తుంది, పిల్లాడు రాత్రి దేనికి ఉలిక్కిపడతాడు, అన్నీ తెలిసి వాళ్లు నీ వాళ్లయ్యాక అప్పుడు తలుపు కొడతాడు. మన తరం పెరిగింది వారపత్రికల సీరియల్స్ మీద. యండమూరి 'తులసిదళం' వస్తున్న రోజుల్లో పత్రిక ఇంట్లోకి రాగానే మీ నాన్నా నేనూ కొట్టుకునేవాళ్లం. వాడు ముందు చదివేసి, ఏమైందో చెప్తానని నన్ను ఏడిపించేవాడు. ప్రతి వారం గుండె ఆగే చోట ఆపడం సీరియల్ పద్ధతి. కింగ్‌ది మామూలుగా ఆ పద్ధతి కాదు. అయినా ఒకసారి సరదా పడ్డాడు. 'ద గ్రీన్ మైల్'ను 1996లో నెలకో చిన్న పుస్తకంగా, ఆరు భాగాల్లో వదిలాడు. అది తెలిసినప్పుడు అమెరికా వాళ్లకీ మన బాధ తెలిసొచ్చిందిలే అనుకున్నా.

ఇక అసలు సంగతి. నువ్వు 'మిజరీ'తో మొదలుపెట్టు. 1987 నాటిది. దెయ్యాల్లేవు, భూతాల్లేవు. ఒక గది, ఇద్దరు మనుషులు. పాల్ షెల్డన్ అనే రచయిత మంచులో కారు యాక్సిడెంటై కాళ్లు విరిగి పడి ఉంటే, ఆనీ విల్క్స్ అనే మాజీ నర్సు ఇంటికి తెచ్చి మంచంలో పడుకోబెడుతుంది. ఆవిడ ఆయనకి వీరాభిమాని. తను ప్రాణంగా చదివే నవలల్లో నాయికను ఆయన చంపేశాడని తెలిసి, పాత టైపు మిషన్ తెచ్చి ఎదురుగా పెట్టి, మళ్లీ బతికించి రాయమంటుంది. ఆ మిషన్‌కి ఎన్ అక్షరం ఉండదు. ఇంత చిన్న వివరంతో ఎంత భయపెట్టొచ్చో చదివితేగానీ తెలీదు. ఆనీ అంటే నిజానికి తన మాదకద్రవ్యాల వ్యసనమేనని కింగ్ తర్వాత్తర్వాత చెప్పాడు. అది తెలిశాక రెండోసారి చదివితే ఇంకో పుస్తకంలా ఉంటుంది.

నాకు ఈ పుస్తకంతో ఒక కథుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద సెకండ్ హ్యాండ్ కాపీ కొన్నా. బేరమాడి గెలిచానన్న సంబరంలో పేజీలు తిరగేసి చూసుకోలేదు. మూడు రాత్రులు చదివి చివరికొస్తే, చివరి పదిహేనో ఇరవయ్యో పేజీలు లేవు! పైవారం వెళ్లి అడిగితే, "మీరు కొనేటప్పుడు ఉన్నాయమ్మా" అన్నాడు. ఇంకో కాపీ దొరికేసరికి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా, కథ తనకి దక్కలేదని ఆనీ పడ్డ కసి ఏమిటో నాకు బాగా అర్థమైంది. పాపం, ఆ అమ్మేవాడికి తెలీదు తనకెంత గండం తప్పిందో.

చదివాక సినిమా చూడు. 1990లో రాబ్ రైనర్ తీశాడు. ఆనీగా వేసిన క్యాతీ బేట్స్‌కి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. పుస్తకంలో గొడ్డలి ఉన్న చోట సినిమాలో సుత్తి ఉంటుంది. ఏది ఎక్కువ భయంకరమో చూశాక నువ్వే చెప్పు. మనవైపు బాలు మహేంద్ర 2003లో తమిళంలో తీసిన 'జూలీ గణపతి'కి ఈ కథే ఆధారం. ఆ వీరాభిమాని పాత్ర మన సరిత చేసింది.

తర్వాత కథల్లోకి వెళ్లు. 'నైట్ షిఫ్ట్' అని 1978 సంపుటి. బస్సులో, మెట్రోలో ఒక్కొక్కటీ అయిపోతుంది. అందులో ఒకణ్ని నలభై మూడో అంతస్తు చుట్టూ అయిదంగుళాల అంచు మీద నడవమంటారు. నాకు అరచేతులు చెమటలు పట్టాయి. 'క్విటర్స్, ఇంక్' అని ఇంకోటి, సిగరెట్ మాన్పించే కంపెనీ కథ. నువ్వు దమ్ము కొడితే శిక్ష నీకు కాదు, నీ భార్యకి పడుతుంది. మీ మావయ్యకి చదివి వినిపించాను. సిగరెట్ మానలేదు గానీ ఓ వారం నా వంక అదోలా చూశారు. అనురాగ్ కశ్యప్ 2007లో తీసిన 'నో స్మోకింగ్'కి ప్రేరణ ఈ కథే. ముందు కథ చదివితే ఆ సినిమా కాస్తయినా అర్థమవుతుంది, లేకపోతే తల గోడకేసి కొట్టుకుంటావు.

కథల తర్వాత 'డిఫరెంట్ సీజన్స్'. 1982లో వచ్చింది, నాలుగు పెద్ద కథలు. భయం పుట్టించే రచయిత అన్న ముద్ర వేసుకుని వెళ్తే ఇక్కడ తికమకపడతావు. నువ్వు పదిసార్లు చూసిన 'ద షాషాంక్ రిడెంప్షన్' ఈ పుస్తకంలోదే, నీకు తెలుసో లేదో. పుస్తకంలో రెడ్ అనే ఖైదీ ఎర్రజుట్టు ఐరిష్‌వాడు. సినిమాలో మోర్గాన్ ఫ్రీమన్‌ని "నిన్ను రెడ్ అని ఎందుకంటారు?" అనడిగితే, "ఐరిష్‌వాణ్ని కదా, అందుకేనేమో" అంటాడే, ఆ జోకు అక్కణ్నుంచి వచ్చింది. 'ద బాడీ' అనే కథ కూడా ఇందులోనే ఉంది. తప్పిపోయిన కుర్రాడి శవం చూడ్డానికి రైలు పట్టాల వెంట నడిచిపోయే నలుగురు పన్నెండేళ్ల పిల్లలు. దాన్ని రాబ్ రైనరే 1986లో 'స్టాండ్ బై మీ'గా తీశాడు. ఈ రెండింటి విషయంలో పుస్తకం ముందా సినిమా ముందా అని పట్టించుకోకు. ఎటునుంచి వచ్చినా నష్టం లేదు.

షాషాంక్ తీసిన ఫ్రాంక్ డారబాంట్ గురించి నీకు చెప్పాలి, నీకూ షార్ట్ ఫిలిం పిచ్చుంది కాబట్టి. కింగ్ తన చిన్న కథల్ని సినిమా చదువుకునే కుర్రాళ్లకి ఒక్క డాలర్‌కి ఇచ్చేవాడు. డబ్బు చేసుకోకూడదు, తీశాక ఒక కాపీ తనకి పంపాలి, అంతే. అలా ఒక్క డాలర్‌కి డారబాంట్ తీసుకున్నది 'నైట్ షిఫ్ట్'లోని ఒక కథ. క్యాన్సర్‌తో మంచాన పడ్డ తల్లీ, ఏం చెయ్యాలో తెలీని కొడుకూ. ఆ షార్ట్ ఫిలిం చూసి కింగ్‌కి అతని మీద గురి కుదిరింది. 1994లో షాషాంక్ వచ్చింది. థియేటర్లలో ఆడలేదు. ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చి ఒక్కటీ దక్కలేదు. తర్వాత క్యాసెట్లలో, టీవీలో జనం చూసి చూసి దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 'ద గ్రీన్ మైల్'నీ అతనే 1999లో తీశాడు. 2007లో 'ద మిస్ట్' కూడా అతనిదే. సూపర్ మార్కెట్‌లో ఇరుక్కున్న జనం, బయట పొగమంచు, అందులో ఏవో ప్రాణులు. పుస్తకంలో చివర కాస్త ఆశ మిగులుతుంది. సినిమా చివర చూశాక నేను రెండు రోజులు మామూలు మనిషిని కాలేదు. ఆ ముగింపు తనకే ముందు తట్టి ఉంటే బాగుండేదని కింగే మెచ్చుకున్నాడు. రాత్రి ఒంటరిగా మాత్రం చూడకు.

ఇప్పుడు 'ద షైనింగ్'. ఇక్కడ మాత్రం నా మాట విను, పుస్తకం ముందు చదవాలి. 1977 నవల. కొలరాడో కొండల్లో చలికాలం మూతపడే పెద్ద హోటల్, దానికి కాపలాగా వెళ్లిన జాక్, భార్య వెండీ, అయిదేళ్ల కొడుకు డానీ. కింగ్ భార్యతో కలిసి అక్కడి స్టాన్లీ హోటల్‌లో 217 నంబరు గదిలో ఒక రాత్రి ఉండగా పుట్టిన కథ ఇది. నవల్లో జాక్ చెడ్డవాడు కాదు. తాగుడు మానాలని, కొడుకుని ప్రేమగా చూసుకోవాలని నిజంగా కొట్టుకుంటాడు. ఆ తాగుడు కింగ్ ఎరిగిన తాగుడే, అందుకే అంత మండుతుంది. మన ఇళ్లల్లో ఇలాంటి మగవాళ్లని చూడలేదా మనం? పొద్దున ఒట్టు వేసి సాయంత్రం తప్పేవాళ్లని? నాకు హోటల్లోని దెయ్యాల కన్నా, జాక్ పదే పదే పెదాలు తుడుచుకోవడం చూస్తేనే వెన్ను జలదరించింది.

1980లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన సినిమా ఒక అద్భుతం. కానీ ఈ కథ కాదు. జాక్ నికల్సన్‌ని చూడగానే వీడికి ముందే పిచ్చుందని తెలిసిపోతుంది. మంచివాడు దిగజారిపోవడం అనేది ఇక చూపించడానికి మిగల్లేదు. కింగ్‌కి ఆ సినిమా నచ్చలేదు, ఇంజను లేని అందమైన పెద్ద కారుతో పోల్చాడు. కోపం చల్లారక 1997లో తనే స్క్రిప్టు రాసుకుని టీవీ సిరీస్‌గా తీయించుకున్నాడు. అది పుస్తకాన్ని అడుగడుగునా అంటిపెట్టుకునే ఉంటుంది, నాకు మాత్రం నిద్రొచ్చింది. రచయిత చెప్పిందే చెల్లాలని ఏం లేదు సినిమాల్లో. నవల నిప్పుతో ముగుస్తుంది, కుబ్రిక్ సినిమా మంచుతో. ఇంతకుమించి చెప్పను. డానీ పెద్దయ్యాక జరిగే కథ 'డాక్టర్ స్లీప్', 2013లో రాశాడు. 2019లో మైక్ ఫ్లనగన్ దాన్ని తీస్తూ, తగువు పడ్డ కింగ్‌నీ కుబ్రిక్‌నీ ఒక పంక్తిలో కూర్చోబెట్టాడు. ఫ్లనగన్ కింగ్ నవల నుంచే తీసిన 'జెరాల్డ్స్ గేమ్' కూడా నెట్‌ఫ్లిక్స్‌లో ఉండాలి, చూడు. మంచానికి సంకెళ్లతో ఇరుక్కుపోయిన ఆడమనిషి కథని సినిమాగా ఎవడు తీయగలడని అనుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

'పెట్ సెమటరీ' మాత్రం ఇప్పుడొద్దు. కింగే అది మరీ చీకటిగా ఉందని పక్కన పెట్టేసి, పాత ప్రచురణకర్తకి బాకీ ఉన్న పుస్తకం ఇవ్వాల్సొచ్చి 1983లో బయటికి తీశాడు. లారీలు తిరిగే రోడ్డు పక్కన ఇల్లు, చిన్నపిల్లలు, పిల్లి. మీ బావకి నాలుగేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చింది, అప్పుడు నా చేతిలో ఉన్నది ఈ పుస్తకమే. సగంలో మూసేసి బీరువా పైన పెట్టాను, ఎనిమిదేళ్లు ముట్టుకోలేదు. నీకింకా పెళ్లే కాలేదు కదా, నీకేం భయం అంటావేమో. నిజమే, ఇప్పుడు చదివితే నీకది మామూలు దెయ్యం కథలా అయిపోతుంది. అందుకే వద్దంటున్నా.

ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడకు. ఆయనది పండితుల ఇంగ్లిష్ కాదు, మాట్లాడే భాషే. సబ్బుల పేర్లు, బేస్‌బాల్ ఆటగాళ్ల పేర్లు, పాత రేడియో పాటలు తగుల్తుంటాయి. ప్రతిదానికీ ఫోన్ తీసి వెతకకు, దాటేసి వెళ్లిపో. మన నవల్లో గోల్డ్ స్పాట్, బినాకా గీత్‌మాలా అని ఉంటే అమెరికావాడు ఏం చేస్తాడో నువ్వూ అదే చెయ్యి.

'ద స్టాండ్', ఏడెనిమిది పుస్తకాల 'డార్క్ టవర్' ఇవన్నీ ఇంకో రెండేళ్లకి. ఆ టవర్‌ని 2017లో గంటన్నర సినిమాగా కుదించారు, దాని జోలికి పోకు. 'మాగ్జిమమ్ ఓవర్‌డ్రైవ్' కూడా వద్దు. 1986లో కింగే డైరెక్ట్ చేశాడు, ఎందుకు చేశానా అని తనే అన్నాడు. నువ్వు రాయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. అయితే 'ఆన్ రైటింగ్' చదువు. మొదటి నవల 'క్యారీ' తొలి పేజీల్ని ఆయన చెత్తబుట్టలో పారేస్తే భార్య టబితా ఏరి తీసి, దులిపి, పూర్తి చెయ్యమంది. అప్పటికి ఆయన ట్రైలర్ ఇంట్లో, అంటే బండికి కట్టి లాక్కెళ్లే ఇంట్లో, ఉండే స్కూల్ మాస్టారు. 1974లో ఆ నవల అచ్చయింది. నీ పేజీలు నువ్వు పారేసేముందు నాకోసారి చూపించు.

'ఇట్' అమ్మెయ్యకు. రెండేళ్ల తర్వాత తియ్యి. అందాకా కావాలంటే 2017, 2019ల్లో వచ్చిన రెండు సినిమాలూ చూసుకో, మొదటిది బాగుంటుంది. మా పిల్లల తరానికి ఆ కథ జీ టీవీలో 1998లో 'వో' అనే సీరియల్‌గా వచ్చింది. జోకరుగా లిలీపుట్ వేశాడు. మీ బావ బాత్రూంకి ఒంటరిగా వెళ్లడం మానేశాడు.

'మిజరీ' రేపు కొరియర్‌లో పంపుతున్నా. సెకండ్ హ్యాండ్ కాపీయే. ఈసారి చివరి పేజీలన్నీ ఉన్నాయి, లెక్కపెట్టాను.

నీ
అత్త
రాజమండ్రి