లక్షణాలు తగ్గాక పేగు వాపు వ్యాధి మందులు ఆపేయవచ్చా?

మీ అంతట మీరు ఆపకండి. పెద్దపేగుకు వచ్చే రకమైన అల్సరేటివ్ కొలైటిస్‌లో రక్తం పడటం, విరేచనాలు తగ్గినా పెద్దపేగు లోపలి పొరలో వాపు మిగిలి ఉండవచ్చు. ఈ వాపును అదుపులో ఉంచే మందు మెసలమైన్ మానేస్తే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. దాగిన వాపును పట్టిచ్చేది మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగులో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్) పరీక్ష. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే మంచిదే, 250 దాటితే సాధారణంగా వాపు చురుగ్గా ఉన్నట్టు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు ఈ అంకెను పెంచుతాయి, వ్యాధినీ రేపగలవు. నొప్పికి పారాసెటమాల్ మేలు.

స్టెరాయిడ్ సంగతి వేరు. అది ఉద్ధృతిని అణచడానికే, ఏళ్ల తరబడి వాడటానికి కాదు. అయినా ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టరు చెప్పిన లెక్కన మెల్లగా తగ్గించాలి. క్రోన్స్ (పేగు వాపు వ్యాధిలో మరో రకం) ఉన్నవారు పొగ తప్పక మానాలి.

రోజుకు 6 లేదా అంతకు మించి రక్త విరేచనాలు, వాటితో జ్వరమో గుండెదడో ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.